పదకొండు గంటలకు వెళ్ళి చూడండి

(చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం కావలిలో జరిగిన సభలో, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన ఒక మేడం చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చిన అమ్మలు ఇటు ఫ్యాను కిందికి జరిగి కూర్చోండి. పిల్లలు ఏడ్చినా ఫరవాలేదు, ఎవరూ లేచి బయటికి పోవద్దు. వాళ్ళ గురించే కదా మనం మాట్లాడుకోబోయేది.

సంక్రాంతి అయిన దగ్గర్నుంచి మన ట్రంకు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలే. పొద్దున పేపరు విప్పితే రెండు మూడు పాంప్లెట్లు ఒళ్ళో పడుతున్నాయి. ఇప్పుడే చేరితే ఫీజులో తగ్గింపు, ఏసీ క్లాసులు, డిజిటల్ బోర్డులు, మూడేళ్ళకే ఇంగ్లీషులో గడగడా మాట్లాడిస్తాం అని. ఇవన్నీ చూసి తల తిరిగి, బజార్లో నేను కనపడగానే ఆపి అడుగుతారు: "మేడం, మా పాపని ఏ కాన్వెంట్లో వేయమంటారు?" అని.

నేను పేరు చెప్పను. చెప్పలేక కాదమ్మా. ఒకే బోర్డు కింద, పక్కపక్కనే రెండు గదులుంటాయి. ఒక గదిలో పిల్లలు కళకళలాడుతుంటారు. రెండో గదిలో బిగుసుకుపోయి కూర్చుంటారు. ఫీజు అదే, యూనిఫారం అదే, పుస్తకాలూ అవే. తేడా ఆ గదిలో ఉన్న మనిషిది. అందుకని రోజంతా మీ బిడ్డ దగ్గర ఎవరుంటారో, ఆ మనిషిని చూసి చేర్చండి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మరి ఎప్పుడు పోయి చూడాలి? పొద్దున తొమ్మిదికి పోతే అందరూ తల దువ్వుకుని, పౌడరు వేసుకుని బాగానే ఉంటారు, టీచర్లతో సహా. పదకొండుకు పోండి. ఆ టైముకి పిల్లలు అలిసిపోతారు, ఆకలి మొదలవుతుంది. ఒకడికి నిక్కరు తడిసి ఉంటుంది, ఇద్దరు ఒకే బొమ్మ కోసం జుట్లు పట్టుకుంటారు, ఒక పాప అమ్మ కావాలని ఏడుపు ఎత్తుకుంటుంది. టీచరమ్మ ఓర్పు ఎంతో తెలిసేది అప్పుడు. ఆఫీసు రూములో సోఫా మీద కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చి మాట్లాడే కరస్పాండెంటు గారు మీ బిడ్డకి అన్నం తినిపించరు కదా. "క్లాసు ఒకసారి చూస్తామండీ" అని అడగండి. లోపలికి వస్తే పిల్లలు డిస్టర్బ్ అవుతారంటే, అది న్యాయమైన మాటే. కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడతామనండి. అదీ కుదరదంటే ఇంకో చోటు చూసుకోండి.

కిటికీ దగ్గర నిలబడి ఏం చూడాలి? బిడ్డతో మాట్లాడేటప్పుడు టీచరు వంగుతుందా, నిలువునా నిలబడే మాట్లాడుతుందా, చూడండి. బిడ్డ ఒక మాట చెప్పడానికి చాలాసేపు తీసుకుంటాడు, నత్తి కొడతాడు, మధ్యలో మర్చిపోతాడు. ఆఖరిదాకా వింటుందా? పేరు పెట్టి పిలుస్తుందా, "ఏయ్, బ్లూ బ్యాగ్" అంటుందా? ఆయమ్మని కూడా చూడండి. చాలామంది ఆయమ్మని లెక్కలోకి తీసుకోరు. నర్సరీలో మూతి కడిగేది, నిక్కరు మార్చేది, నిద్రొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకునేది ఆవిడే. టీచరు ఎన్నేళ్ళుగా ఉంది, ఆయమ్మ ఎన్నేళ్ళుగా ఉంది, ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారే బడిలో, బిడ్డ ఒకరికి అలవాటు పడేసరికి ఆ మనిషి వెళ్ళిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. వేలకు వేలు ఫీజు తీసుకుని టీచరుకి కూలి డబ్బులంత కూడా ఇవ్వని చోట్లు ఉన్నాయి. అలాంటి చోట మనుషులు నిలవరు.

మంచి టీచరంటే ఎలా ఉంటుందో నేను చూసింది చెప్తాను. బోగోలు వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె. అక్కడి అంగన్‌వాడీ సెంటరుకి నేను విజిటుకి పోయాను. ఒక పిల్లోడు, మూడేళ్ళుంటాయి, గేటు ఊచ రెండు చేతులతో పట్టుకుని వదలడంలా. వాళ్ళమ్మ చేపల తట్ట నెత్తినెత్తుకుని అప్పుడే పోయింది, ఆగితే బేరం పోతుంది. ఆ టీచరు వాణ్ణి లాగలేదు, బెదిరించలేదు, చాక్లెట్టు చూపించలేదు. లోపలికి పోయి చాటలో కందిపప్పు పోసుకుని వచ్చి, వాడి పక్కనే నేల మీద కూర్చుంది. వాడి మొహం వైపు చూడను కూడా చూడలేదు. పప్పులో రాళ్ళు ఏరుతూ, "ఇదొకటి... అబ్బ, ఇది ఎంత నల్లగా ఉందో... ఇదేమో పప్పే, రాయి కాదు" అని తనలో తను మాట్లాడుకుంటా ఉంది. కాసేపటికి వాడి ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఒక చెయ్యి ఊచ వదిలింది. ఆ చెయ్యి చాటలోకి వచ్చి ఒక రాయి తీసి ఆమె కళ్ళ ముందు పెట్టింది. ఆమె "అమ్మో, నాకు కనపడలేదు నాయనా" అనింది. అంతే, రెండో చెయ్యీ వచ్చేసింది. కొంతసేపటికి చాటకి ఆ పక్క ఆమె, ఈ పక్క వాడు పట్టుకుని లోపలికి పోయారు. ఆమె ఇంటర్ చదివి ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఏ డిగ్రీ లేకపోయినా పిల్లల మనసు తెలిసింది. ఇలాంటి మనిషి పాత చిన్న గదిలో ఉన్నా సరే, మీ బిడ్డని నమ్మి ఇవ్వొచ్చు.

ఎంత మంచి మనిషైనా నలభై మంది మూడేళ్ళ పిల్లల్ని ఒక్కతే చూసుకోలేదు. 2013లో కేంద్ర ప్రభుత్వం చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద ఒక జాతీయ విధానం తెచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళయితే ఇరవై మందికి ఒక పెద్దమనిషి, మూడేళ్ళలోపు వాళ్ళయితే పదిమందికి ఒకరు ఉండాలని అందులో ఉంది. ముప్ఫై మందికి 35 చదరపు మీటర్ల గది, ఆడుకోడానికి బయట ఇంకో 30 చదరపు మీటర్లు ఉండాలి. మన లెక్కలో ఆ గది సుమారు 375 చదరపు అడుగులు. పన్నెండుకు పదకొండు అడుగుల బెడ్రూములో పాతికమందిని కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి. రోజుకి మూడు నాలుగు గంటలు చాలని కూడా ఆ విధానమే చెప్పింది. సాయంత్రం నాలుగున్నర దాకా మూడేళ్ళ బిడ్డని బెంచీ మీద కూర్చోబెట్టమని ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నా ఇద్దరూ పనికి పోతే బిడ్డని సాయంత్రం దాకా ఉంచక తప్పదు, అది నాకు తెలుసు. అట్లాంటప్పుడు మధ్యాహ్నం పడుకోడానికి చాపా దిండూ ఉన్నాయా, పక్కన ఎవరుంటారు, అన్నం ఎవరు పెడతారు, అది అడగండి.

ఇక వయసు. "పక్కింటోళ్ళు రెండున్నరకే వేశారు మేడం, మాది వెనకబడి పోతుందేమో" అంటారు. 2020 జాతీయ విద్యా విధానం లెక్క ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్ళకి. దాని ముందు మూడు నుంచి ఆరు దాకా మూడేళ్ళు, ఆటపాటలతో గడిచే కాలం. మీ బిడ్డ ఆరేళ్ళు ఎప్పుడు నిండుతాయో వేలు మడిచి లెక్కేసుకోండి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. నర్సరీకి ఎప్పుడు వేయాలో తేలిపోతుంది. ఇంట్లో అవ్వో తాతో ఉండి, మాట్లాడుతూ, కథలు చెప్తూ, పెరట్లో తిప్పుతూ ఉంటే మూడున్నరకి పంపినా బిడ్డకి పోయేది ఏమీ లేదు. ఒంటరి కాపురం, టీవీ ముందు కూర్చోబెట్టి అమ్మ పని చేసుకోవాల్సిన పరిస్థితి అయితే మూడు నిండగానే నలుగురు పిల్లల్లోకి పంపడం మేలు. ఇంటిని బట్టి చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఆ విద్యా విధానంలోనే ఇంకో మాట ఉంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని. ఈ మాట పాంప్లెట్ల మీద కూడా ఎక్కింది. ఎక్కించి, దాని కింద ఏం రాశారు? మూడేళ్ళకే ఏ నుంచి జెడ్ దాకా రాయిస్తాం, వంద దాకా అంకెలు రాయిస్తాం అని. ఇక్కడ నాకు నిజంగా బాధేస్తుంది.

బిడ్డ చెయ్యి చూడండి ఒకసారి. ఒళ్ళో పిల్లలున్న అమ్మలు ఇప్పుడే పట్టుకుని చూడండి. మణికట్టులో మనకి ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ బిడ్డకి ఎక్స్‌రే తీస్తే వాటిలో మూడో నాలుగో కనపడతాయి, మిగతావి ఇంకా మెత్తగానే ఉంటాయి. ఏళ్ళు గడిచే కొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. ఆ చెయ్యికి సన్న పెన్సిలిచ్చి, నాలుగు గీతల కాపీలో గీత దాటకుండా పేజీ నింపమంటే బిడ్డ ఏం చేస్తాడు? పిడికిలి మొత్తం బిగించి పెన్సిలు పట్టుకుంటాడు, భుజం పైకి లేస్తుంది, నాలుక బయటికొస్తుంది, సగం పేజీకి కళ్ళల్లో నీళ్ళు. రాత్రి హోంవర్కు దగ్గర అమ్మ చేతిలో దెబ్బ. చదువంటే దెబ్బ అని వాడికి నాలుగేళ్ళకే అర్థమైపోతుంది. ఆ అర్థం చెరిగిపోవడానికి ఎంత కాలం పడుతుందో పదో తరగతి పిల్లల్ని చూసే టీచర్లని అడగండి.

ఆ వేళ్ళకి పని చెప్పొద్దని కాదు. చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, పిసుకుతాడు. బంకమట్టి ఇవ్వండి, పామో లడ్డో చేస్తాడు. పాత పేపరు చింపమనండి, చిక్కుడుకాయలు ఈనె తీయమనండి, చొక్కా గుండీలు వాడినే పెట్టుకోమనండి. ఇసుకలో వేలితో గీతలు గీయనివ్వండి. రేపు పెన్సిలు పట్టేది ఈ వేళ్ళే, బలం వచ్చేది ఈ పనుల్లోనే. అందుకని నర్సరీకి పోయినప్పుడు పిల్లల నోటుబుక్కులు చూపించమని అడగకండి. మట్టి ఎక్కడుంది, పూసలు ఎక్కడున్నాయి, చెక్క దిమ్మెలు ఉన్నాయా, ఉంటే పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో పెట్టి తాళం వేశారా, చూడండి. అద్దాల బీరువాలో కొత్తగా మెరిసిపోయే బొమ్మలుంటే వాటిని ఎవరూ ఆడనివ్వడం లేదని అర్థం. మాంటిస్సోరి అని బోర్డున్న చోట ఈ సంగతి ఇంకా గట్టిగా చూడండి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి పిల్లల బడి పెట్టింది కూలీనాలీ చేసుకునే వాళ్ళ పిల్లల కోసం. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన దేశపు టీచర్లకి స్వయంగా శిక్షణ ఇచ్చింది. వస్తువుని బిడ్డ తన చేత్తో తీసుకుని, పని చేసి, మళ్ళీ తన చేత్తోనే అక్కడ పెట్టాలనేది ఆమె పద్ధతికి ప్రాణం. బోర్డు మీద ఆమె పేరుండి, గదిలో బెంచీలూ కాపీ పుస్తకాలూ ఉంటే ఆ పేరుకి అర్థం లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు. ఇది మాట్లాడితే మీకు కోపం వస్తుందేమో, అయినా చెప్పాలి. ఇంగ్లీషు కావాలి, ఎవరూ కాదనరు. మా ఇంట్లోనూ పిల్లలు ఇంగ్లీషు చదువే చదివారు. కానీ మూడేళ్ళ బిడ్డకి మాట అంటే ఏంది? దాహమేస్తుందని చెప్పుకోవడం, వాడు గిచ్చాడని చెప్పుకోవడం, భయమేస్తుందని చెప్పుకోవడం. ఒక టౌన్లో పేరున్న కాన్వెంటుకి నన్ను చూడమని తీసుకుపోయారు. లోపలికి పోగానే పిల్లలందరూ లేచి గుడ్ మార్నింగ్ పాడారు. తర్వాత అందరూ నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. బెంచీ చివర ఒక పాప కాళ్ళు రెండూ బిగబట్టుకుని, గౌను అంచు పిడికిట్లో పట్టుకుని నా వైపే చూస్తా ఉంది. వంగి "ఏందమ్మా?" అన్నాను. "ఒంటికి" అనింది, గొంతు బయటికి రాకుండా. టీచరు "ఇంగ్లీషులో అడగాలి, అడుగు" అనింది. పాపకి ఆ వాక్యం నోరు తిరగలేదు. తిరిగే లోపల గౌను తడిసిపోయింది. పక్క పిల్లలు నవ్వారు. ఆ టీచరు చెడ్డ మనిషి కూడా కాదు, తెలుగులో మాట్లాడనిస్తే తన ఉద్యోగం పోతుంది, అంతే. ఇలా ఉగ్గబట్టే పిల్లలకి మూత్రంలో ఇన్ఫెక్షన్లు రావచ్చు, మలబద్ధకం రావచ్చు. మీ పిల్లల డాక్టరుని అడిగినా చెప్తారు.

అందుకని మీరు చేరుస్తున్న చోట ఈ ఒక్క ప్రశ్న వేయండి: "మా బిడ్డ ఒంటికి వస్తుందని తెలుగులో చెప్తే పంపిస్తారా?" వాళ్ళ మొహం చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. ఇంట్లో మాట్లాడే భాషలోనే బిడ్డతో ప్రధానంగా మాట్లాడాలని నేను చెప్పిన 2013 విధానంలోనే ఉంది. ఇంటి భాషలో కథ విని, ఎదురు ప్రశ్నలేసి, సొంతంగా నాలుగు వాక్యాలు కలిపి చెప్పగలిగిన బిడ్డ ఆ తర్వాత ఇంగ్లీషు కూడా చక్కగా అందుకుంటాడు. మన దగ్గర యానాది గిరిజనుల కాలనీల పిల్లలుంటారు. సెంటరుకి వచ్చిన కొత్తల్లో నోరు విప్పరు. వాళ్ళ యాసని వెక్కిరించకుండా, వాళ్ళు చెప్పే చేపల పేర్లు, పిట్టల పేర్లు అడిగి అడిగి చెప్పించుకున్న టీచరు దగ్గర ఆ పిల్లలే అందరికంటే ఎక్కువ మాట్లాడేవాళ్ళు.

కట్టడం సంగతి త్వరగా చెప్పేస్తాను. బాత్‌రూముకి మీరే పోయి చూడండి. బకెట్లో నీళ్ళున్నాయా, మగ్గు బిడ్డ ఎత్తగలిగేదేనా, లోపల గడియ బిడ్డ చేతికి అంది ఇరుక్కుపోయేలా ఉందా. నీళ్ళ సంపు మీద మూత ఉందా, దానికి తాళం ఉందా. నర్సరీ కింది అంతస్తులోనే ఉండాలి. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడిలో వంటశాల దగ్గర అంటుకున్న మంట పైకప్పుకి పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. దారి ఇరుకు, పిల్లలు పసివాళ్ళు. కాబట్టి గ్యాసు సిలిండరు ఎక్కడుంది, బయటికి రెండో దారి ఉందా, గ్రిల్లు గేటుకి తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, అడగండి. జూన్‌లో బళ్ళు తెరిచినా మన దగ్గర వడగాలి తగ్గదు, రేకుల గది అయితే వద్దే వద్దు. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఆ వీధిలో నీళ్ళు నిలుస్తాయా అని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని అడగండి. స్నాక్స్ డబ్బాలో వేరుశనగ గింజలు పెట్టొద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకి గింజ గొంతులో కాకుండా ఊపిరితిత్తుల గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. ఆటోలో డ్రైవరు పక్కన బిడ్డని కూర్చోబెట్టి పంపే పనైతే, దూరంలో ఉన్న పెద్ద పేరు బడి వద్దు, నడిచిపోయే దూరంలో ఉన్న చిన్న బడి మేలు.

ఇక మా అంగన్‌వాడీ. నా జీవితం అందులో గడిచింది కాబట్టి పొగుడుతున్నానని అనుకోకండి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన పథకం. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్ద ఆసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య పాఠాలు, మూడు దాటిన వాళ్ళకి బడికి ముందు చదువు, ఈ ఆరూ ఒకే చోట. ఏ కాన్వెంటూ మీ బిడ్డ బరువు తూచి కార్డు మీద గీత గీయదు. అక్కడ గీస్తారు. గుడ్డు, పాలు, వేడి అన్నం పెడతారు. కొన్ని సెంటర్లు ఇరుకు అద్దె గదుల్లో ఉన్న మాట నిజం, టీచరుకి సర్వేలూ రికార్డులూ నెత్తి మీద వేసి పిల్లల దగ్గర కూర్చోనివ్వని మాటా నిజం. మీ వీధిలోది బాగుందా లేదా అన్నది పోయి చూస్తేనే తెలుస్తుంది. అదీ పదకొండు గంటలకే. చూడకుండా, "అక్కడికి మనోళ్ళ పిల్లలు పోరు" అనే మాట మాత్రం దయచేసి అనకండి.

చేర్చిన తర్వాత మొదటి రోజులు. ఏడుస్తారు. ఏడవాలి కూడా, అమ్మని వదిలిపోవడం చిన్న సంగతి కాదు. బొమ్మ చూపించి మాయ చేసి వెనక నుంచి జారుకోకండి. వెనక్కి తిరిగి చూస్తే మీరు ఉండరు, రేపట్నుంచి ఇంట్లో బాత్‌రూముకి పోయినా వెంటపడతాడు. "నేను పోయి, నువ్వు అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి, చెప్పిన టైముకి గేటు దగ్గర ఉండండి. మొదటి వారం గంట, తర్వాత రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోండి. మొదటి రోజుల్లో తల్లిని గది మూల కాసేపు కూర్చోనిచ్చే బడి దొరికితే వదులుకోవద్దు. నాన్నలు కూడా దిగబెట్టండి. నాన్న దిగబెడితే తక్కువ ఏడ్చే పిల్లలు చాలామంది ఉంటారు.

ఇంటికొచ్చాక "ఇవాళ ఏం రాశావు?" అని అడగొద్దు. "ఎవరి పక్కన కూర్చున్నావు? ఎవరు ఏడ్చారు? ఏం ఆట ఆడారు? ఆయమ్మ ఏమనింది?" ఇలా అడగండి. రోజూ అడిగితే బిడ్డ అన్నీ చెప్పడం అలవాటు చేసుకుంటాడు, చెప్పాల్సిన సంగతి వచ్చిన రోజున కూడా చెప్తాడు. బాగా పోయే బిడ్డ ఉన్నట్టుండి బడి పేరెత్తితే వణికినా, నిద్రలో ఉలిక్కిపడినా, పక్క తడపడం మళ్ళీ మొదలైనా, ఒక మనిషిని చూసి వెనక దాక్కున్నా, తిట్టకండి, పట్టించుకోండి. పిల్లలపై లైంగిక నేరాలకి 2012లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే మాట్లాడతారు. పరువు పోతుందని ఊరుకోవద్దు.

చీటీలు వచ్చాయి, రెండు చూస్తాను.

"మధ్యలో మాన్పిస్తే కట్టిన ఫీజు ఇవ్వనంటున్నారు." అందుకే అమ్మా, మొత్తం ఏడాదిది ఒకేసారి కట్టొద్దు, తగ్గింపు ఇస్తామన్నా సరే. టర్ము టర్ముకీ కట్టండి, ప్రతిదానికీ రసీదు తీసుకోండి, మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. అయినా డబ్బు పోయిందని, భయపడుతున్న బిడ్డని మార్చి దాకా అక్కడే ఉంచొద్దు.

"మా అత్తగారు విజయదశమికి అక్షరాభ్యాసం చేయించి అప్పుడే బడికి పంపాలంటున్నారు." చేయించండమ్మా, పలక మీద అవ్వ చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరం బిడ్డకి ఇష్టంగా ఉంటుంది. దసరా తర్వాత చేర్చుకుంటారా అని బడిలో ముందుగా మాట్లాడి పెట్టుకోండి, మూడేళ్ళ పిల్లలకి జూన్‌లోనే చేరకపోతే తప్పిపోయే పాఠం ఏమీ లేదు.

ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు. తాతగారా? ఆ మైకు ఆయనకి ఇవ్వండి, నిలబడక్కర్లేదు, కూర్చునే అడగండి.